విశ్వవిద్యాలయానికి ఊపిరి పోసిన కట్టమంచి

చెన్నై నగరంలో టి. నగర్ తెలియనివారు ఉండరు. ఆ పేటకు నడిబొడ్డున పానగల్ పార్కు ఉంది. పండుగ రోజుల్లో ఆ పార్కు చుట్టూ ఉన్న వీథులు కొనుగోలుదారులతో కిటకిటలాడుతూ ఉంటాయి. ఆ సందడిలో పార్కు పేరు వెనుక ఉన్న కథను తలచుకునేవారు తక్కువ. టి. నగర్ అంటే త్యాగరాయనగరం. జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు మీద 1920ల్లో ఈ పేట ఏర్పడింది. పార్కుకు పానగల్ రాజా గారి పేరు పెట్టారు. ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు. 1921 నుండి 1926 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఇద్దరూ తెలుగువారే.

పానగల్ రాజా గారి ప్రభుత్వకాలంలోనే తెలుగువారికి ఒక విశ్వవిద్యాలయం లభించింది. అదే ఆంధ్ర విశ్వవిద్యాలయం. దానికి మొదటి ఉపకులపతి ఎవరో తెలుసా? శాసన మండలిలో అదే పానగల్ రాజా గారి ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టిన వ్యక్తి! ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి గారు. కవి, విమర్శకుడు, వక్త, రాజకీయవేత్త అని ఆయనకు ఎన్నో పేర్లు ఉన్నాయి. అన్నింటినీ మించి, విద్యార్థిలో దాగి ఉన్న సృజనశక్తిని వెలికి తీయడమే విశ్వవిద్యాలయం చేయవలసిన పని అని నమ్మిన విద్యావేత్త ఆయన.

రామలింగారెడ్డి గారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు దగ్గరి కట్టమంచి గ్రామంలో జన్మించారు. తల్లి నారాయణమ్మ, తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. తెలుగు, తమిళం రెండూ వినిపించే సీమ అది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం వింటూ పెరిగే పిల్లలకు ఆయన బాల్యం కొత్తగా తోచదు. ఆయన చిత్తూరులో చదువుకొని, పై చదువులకు మద్రాసు వచ్చి క్రైస్తవ కళాశాలలో చేరారు. ఆ కళాశాల ఇప్పుడు తాంబరంలో ఉన్నది కాని, అప్పట్లో హైకోర్టుకు ఎదురుగా జార్జిటౌనులో ఉండేది. విలియం మిల్లర్ అనే విద్యావేత్త దానికి ప్రిన్సిపాలు.

ఆ రోజుల్లో కళాశాల చదువు అంటే చాలామందికి పరీక్ష, పట్టా, ఆపైన ఉద్యోగం. పుస్తకంలో ఉన్నదానిని వల్లించి పరీక్షలో ఒప్పజెప్పినవాడే గొప్ప విద్యార్థి. అయితే క్రైస్తవ కళాశాలలో తరగతి గదికి బయట మరొక బడి నడిచేది. అదే విద్యార్థులు చేరిన తెలుగు భాషా సంఘం. ఆ సంఘం 1899లో కావ్యరచనలో పోటీ పెట్టింది. రామలింగారెడ్డి గారికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన ఆ పోటీకి 'ముసలమ్మ మరణం' అనే కావ్యం రాసి బహుమతి పొందారు.

కావ్యం రాయాలంటే రాజుల కథనో, పురాణ కథనో ఎన్నుకోవడం అప్పటి ఆచారం. ఈ విద్యార్థి ఆ దారిన పోలేదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం అనే చెరువు ఉంది. ఒకప్పుడు ఆ చెరువుకు గండి పడిందట. ఊరు మునిగిపోయే ఆపద వచ్చిందట. బసిరెడ్డి అనే రైతు చిన్న కోడలు ముసలమ్మ బలి అయితేనే గండి నిలుస్తుందని దేవత పలుకు వినిపించిందట. ఊరి మేలు కోసం ఆమె గండిలోకి దిగి ప్రాణాలు అర్పించిందట. బ్రౌను దొర సేకరించి అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో ఈ కథ ఉంది. రామలింగారెడ్డి గారు ఆ కథను తీసుకున్నారు. ఒక పల్లెటూరి రైతు కోడలిని కావ్యనాయికగా నిలబెట్టారు. కథ మంగళంగా ముగియాలనే నియమాన్ని కూడా పక్కకు పెట్టి, ఆమె మరణంతోనే కావ్యాన్ని ముగించారు. తెలుగు కవిత్వం కొత్త దారి తొక్కిన తొలినాళ్ళ రచనల్లో ఈ కావ్యాన్ని ఒకటిగా సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ కావ్యం ఏ పరీక్షకూ రాసినది కాదు. దీనికి మార్కులు లేవు. విద్యార్థుల సంఘం ఒకటి ఉన్నది, అది ఒక పోటీ పెట్టింది, రాసినదాన్ని శ్రద్ధగా చదివి తీర్పు చెప్పేవారు ఉన్నారు. ఆ కొద్దిపాటి అవకాశంతో ఒక విద్యార్థి కవి అయ్యాడు. తనకు దొరికిన ఈ అవకాశాన్ని రామలింగారెడ్డి గారు మరచిపోలేదని ఆయన తరువాతి జీవితం చెబుతుంది.

1902లో ఆయన ప్రభుత్వ విద్యార్థివేతనం పొంది ఇంగ్లండు వెళ్ళారు. కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. కేంబ్రిడ్జిలో విద్యార్థుల వాదవివాద సంఘం ఒకటి ఉంది. దేశాన్ని ఏలబోయే నాయకులు ఎందరో ఆ వేదిక మీదనే మాట్లాడడం నేర్చుకున్నారు. మనదేశం పరాయి పాలనలో ఉన్న ఆ కాలంలో, పాలించే దేశపు విద్యార్థులే ఆయనను ఆ సంఘానికి ఉపాధ్యక్షుడుగా ఎన్నుకున్నారు. అక్కడ ఏ ప్రశ్ననైనా వేయవచ్చు. ఎంత పెద్దవారి మాటనైనా కాదనవచ్చు. కాని కాదన్నవాడు కారణం చెప్పాలి. ఈ పద్ధతి ఆయనకు జీవితాంతం అలవాటయింది.

స్వదేశానికి తిరిగి వచ్చి ఆయన మొదట బరోడా కళాశాలలో పనిచేశారు. తరువాత మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరారు. అమెరికా, జపాన్ మొదలైన దేశాలు తిరిగి అక్కడి విద్యావిధానాలను పరిశీలించారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి రూపురేఖలు దిద్దడంలో ఆయన పరిశీలనలు తోడ్పడ్డాయి. మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు అధిపతిగా కూడా ఆయన పనిచేశారు. అంటరానివారని దూరంగా ఉంచిన పిల్లలకు బడి తలుపులు తెరవాలన్న పక్షాన నిలిచారు. 1921లో ఆ ఉద్యోగాన్ని వదలుకున్నారు.

మైసూరులో ఉన్న రోజుల్లోనే, కన్నడ దేశం మధ్య కూర్చుని, ఆయన తెలుగు సాహిత్యానికి ఒక గొప్ప గ్రంథాన్ని ఇచ్చారు. అదే 1914లో వెలువడిన 'కవిత్వతత్త్వవిచారము'. పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయం, ప్రభావతీ ప్రద్యుమ్నం అనే కావ్యాలను పరిశీలిస్తూ రాసిన పుస్తకం ఇది. అంతవరకు కావ్యవిమర్శ అంటే ఎక్కువగా వ్యాకరణ దోషాలు, అలంకారాలు ఎంచడమే. రామలింగారెడ్డి గారు వేరే ప్రశ్నలు వేశారు. కథలో పొందిక ఉన్నదా? పాత్రలు ప్రాణం ఉన్న మనుషుల్లా ప్రవర్తిస్తున్నారా? కవి తన భావనాశక్తితో కొత్త లోకాన్ని సృష్టించాడా, లేక పాత వర్ణననే తిరిగి అప్పగించాడా? ఈ కొలతతో చూస్తే సూరన గొప్ప కవి అని ఆయన తేల్చారు. పేరుపొందిన ప్రబంధాలు కొన్ని ఈ కొలతకు నిలవవని కూడా నిర్భయంగా చెప్పారు.

ఆ మాటలు చాలామంది పండితులకు కోపం తెప్పించాయి. ఖండనలు వచ్చాయి, వాదాలు జరిగాయి. ఆయన తీర్పులన్నింటినీ ఈనాడు అందరూ ఒప్పుకోరు. కాని పాతది కాబట్టి గొప్పది అనుకోకుండా, చదివి ఆలోచించి తన అభిప్రాయం తాను ఏర్పరచుకోవాలని తెలుగు పాఠకునికి ఆ పుస్తకం నేర్పింది. తెలుగులో ఆధునిక సాహిత్య విమర్శకు దానితోనే పునాది పడిందని పెద్దలు చెబుతారు. ఆయన అర్థశాస్త్రం మీద కూడా తెలుగులో గ్రంథం రాశారు. కొత్త శాస్త్రాలను మన భాషలో చెప్పవచ్చునని రాసి చూపించారు.

మైసూరు నుండి మద్రాసు వచ్చిన తరువాత ఆయన రాజకీయాల్లో ప్రవేశించారు. జస్టిస్ పార్టీలో చేరి మద్రాసు శాసన మండలి సభ్యులయ్యారు. కొంతకాలానికి పార్టీ నాయకత్వంతో ఆయనకు విభేదాలు వచ్చాయి. పార్టీ నుండి బయటికి వచ్చి, 1923 నవంబరులో పానగల్ రాజా గారి మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానాన్ని ప్రతిపాదించారు. మన దేశపు శాసనసభల చరిత్రలో ఇటువంటి తీర్మానం అదే మొదటిదని చెబుతారు. తీర్మానం వీగిపోయింది. పానగల్ రాజా గారు ముఖ్యమంత్రిగా కొనసాగారు.

ఆ కాలంలోనే తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక బలపడింది. అప్పటి విద్యామంత్రి పాత్రో గారు అందుకు బిల్లును శాసన మండలిలో ప్రవేశపెట్టారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. నిన్నటిదాకా ప్రభుత్వానికి ఎదురు నిలిచిన రామలింగారెడ్డి గారు దానికి మొదటి ఉపకులపతి అయ్యారు. రాజకీయంలో పక్షాలు వేరు కావచ్చు, విద్య విషయంలో అర్హతే ముఖ్యం అన్న మర్యాద ఆనాడు నిలిచింది.

విశ్వవిద్యాలయం మొదట బెజవాడలో, అంటే నేటి విజయవాడలో పని ప్రారంభించింది. దానికి సొంత భవనాలు లేవు, ప్రయోగశాలలు లేవు, పాఠం చెప్పే ఆచార్యులు లేరు. కళాశాలలకు గుర్తింపు ఇచ్చి, పరీక్షలు పెట్టి, పట్టాలు పంచడమే దాని పని. ఇంతటితో తృప్తి పడితే ఉపకులపతికి ఏ బాధా ఉండదు. రామలింగారెడ్డి గారు తృప్తి పడలేదు. పరీక్షలు పెట్టే కార్యాలయం విశ్వవిద్యాలయం కాదని ఆయన అభిప్రాయం. అక్కడ బోధన జరగాలి, పరిశోధన జరగాలి, గురుశిష్యులు కలిసి కొత్త సంగతులు కనుక్కోవాలి. 1930లో విశ్వవిద్యాలయం విశాఖపట్నం దగ్గరి వాల్తేరుకు చేరింది. సముద్రపు ఒడ్డున, గుట్టల మీద దానికి విశాలమైన స్థలం దొరికింది.

విశ్వవిద్యాలయపు చిహ్నంలో కూడా ఆయన ఆశయం కనిపిస్తుంది. ఆయన సూచనల ప్రకారం కౌతా రామమోహనశాస్త్రి గారు ఆ చిహ్నాన్ని చిత్రించారు. అందులో ఉదయించే సూర్యుడు, పద్మం ఉన్నాయి. సూర్యుడు విశ్వవిద్యాలయానికి, కిరణాలు అక్కడి విద్యాశాఖలకు గుర్తు. గురువు, శిష్యుడు కలిసి చేసిన అధ్యయనం తేజస్సుతో వెలగాలనే అర్థం ఉన్న ఉపనిషత్తు మాటను నినాదంగా ఎన్నుకున్నారు. ఇందులో గురువు ఇచ్చేవాడు, శిష్యుడు పుచ్చుకునేవాడు అన్న భేదం లేదు. చదువు ఇద్దరిదీ.

ఇంతలో ఆయనకు పెద్ద పరీక్ష ఎదురైంది. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం ప్రారంభించారు. దేశమంతటా ప్రజలు చట్టాలను ధిక్కరించారు. ప్రభుత్వం లాఠీలతో, జైళ్ళతో బదులు చెప్పింది. ఉపకులపతి పదవిలో ఉన్నవారు ఇది తమ పని కాదని ఊరకుండవచ్చు. పైగా వాల్తేరులో విశ్వవిద్యాలయం అప్పుడే నిలదొక్కుకుంటున్నది. తాను కలగన్న భవనాలు ఇంకా లేవలేదు, తాను కోరిన బోధన ఇంకా మొదలు కాలేదు. పదవి వదలితే ఆ కల మరొకరి చేతికి పోతుంది. ఉంటే, ప్రజల నోరు నొక్కుతున్న ప్రభుత్వం కింద విద్యార్థులకు స్వేచ్ఛను బోధించవలసి వస్తుంది. ఆయన రెండవది చేయలేకపోయారు. ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఉపకులపతి పదవికి రాజీనామా చేశారు.

ఆయన తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణ గారు ఉపకులపతి అయ్యారు. ఆయన ఆధ్వర్యంలో వాల్తేరులో ఉన్నత తరగతులు మొదలైనాయి. దేశంలోని పేరున్న ఆచార్యులు అక్కడికి వచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారి విరాళంతో శాస్త్ర కళాశాల వెలసింది. 1936లో రాధాకృష్ణ గారు ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవికి వెళ్ళగా, రామలింగారెడ్డి గారు తిరిగి ఉపకులపతిగా వచ్చారు. తాను విత్తిన మొక్కను మరొకరు నీరు పోసి పెంచగా, దానికి కాపుకాసే భాగ్యం మళ్ళీ ఆయనకు దక్కింది. 1949 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు.

ఆ పదమూడేళ్ళలో వాల్తేరు విద్యార్థులకు ఆలోచనకు, రచనకు, ప్రయోగానికి చోటు దొరికింది. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం గారు, రసాయనశాస్త్రంలో తిరువేంకట రాజేంద్ర శేషాద్రి గారు పరిశోధకుల బృందాలను తయారుచేశారు. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. అయినా చదువు ఆగలేదు.

శాస్త్రాలతోపాటు కళలకూ అక్కడ ఆదరణ ఉండేది. 1940ల్లో విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామి గారికి నాటకం అంటే ప్రాణం. ఆయన విద్యార్థుల చేత కొత్త నాటకాలు ఆడించారు, కళాశాలల మధ్య నాటక పోటీలు నడిపించారు. గ్రంథాలయాన్ని కవి, నాటకకర్త అబ్బూరి రామకృష్ణారావు గారు చూసేవారు. కార్యాలయంలో కాగితాలు చూసే అధికారి నాటకాన్ని ప్రోత్సహించడం, పుస్తకాలు అందించే ఉద్యోగి స్వయంగా కవి కావడం ఎంత చక్కని విషయం! అటువంటివారు చుట్టూ ఉన్నప్పుడు విద్యార్థికి రాయాలని, ఆడాలని, పాడాలని కోరిక పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

తన దారికి భిన్నమైన ఆలోచనను గౌరవించడం కూడా రామలింగారెడ్డి గారి గుణం. ఆయన తన విమర్శ గ్రంథాన్ని గ్రాంథిక భాషలో రాశారు. గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా వ్యావహారిక భాష కోసం పోరాడారు. రామలింగారెడ్డి గారు ఉపకులపతిగా ఉండగానే, 1938లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం గిడుగు వారిని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. రామలింగారెడ్డి గారు ఎందరో రచయితల పుస్తకాలకు పీఠికలు కూడా రాశారు. ఆ పీఠికలే 'లఘుపీఠికా సముచ్చయము' అనే గ్రంథంగా వెలువడ్డాయి.

ఆ కాలపు వాల్తేరు విద్యార్థులలో ఒకరి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. సి. ఆర్. రావు అంటే ప్రపంచమంతా గుర్తిస్తుంది. 1920లో, నేటి కర్ణాటకలోని హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. 1940 ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివి ప్రథమ స్థానం పొందారు. తరువాత కలకత్తా చేరి సంఖ్యాశాస్త్రం అభ్యసించారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి ఒక ప్రశ్న వేశాడు. అప్పుడు చెప్పిన సూత్రం చాలా ఎక్కువ నమూనాలు తీసుకున్నప్పుడే పనికి వస్తుంది. తక్కువ నమూనాలకు కూడా అటువంటి సూత్రం ఉందా అని ఆ విద్యార్థి సందేహం. యువకుడైన ఆ అధ్యాపకుడు ప్రశ్నను కొట్టివేయలేదు. ఆ రాత్రి కూర్చుని జవాబు కనుక్కున్నారు. 1945లో అచ్చయిన ఆ సూత్రాన్ని ఈనాడు ప్రపంచంలోని సంఖ్యాశాస్త్ర విద్యార్థులందరూ చదువుతున్నారు. రావు గారు 2023లో, నూట రెండేళ్ళు దాటిన వయసులో కన్నుమూశారు. విద్యార్థి అడగగలగడం, గురువు ఆలోచించగలగడం, ఈ రెండూ కలిసిన చోట కొత్త విషయం పుడుతుంది. విశ్వవిద్యాలయం అటువంటి చోటు కావాలన్నదే రామలింగారెడ్డి గారి ఆశయం.

ఆయన వివాహం చేసుకోలేదు. విద్యాసంస్థలే ఆయనకు సంసారం. చమత్కారంగా మాట్లాడడంలో, సభను కట్టిపడేయడంలో ఆయనకు సాటి లేదని ఆనాటివారు చెప్పుకునేవారు. 1949లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి విరమించిన తరువాత మైసూరు విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవస్థానం ఇచ్చింది. 1951 ఫిబ్రవరి 24వ తేదీన రామలింగారెడ్డి గారు పరమపదించారు. కట్టమంచిలో పుట్టి, మద్రాసులో చదివి, మైసూరులో పనిచేసి, వాల్తేరులో విశ్వవిద్యాలయాన్ని నిలిపిన ఆయన ఎక్కడ ఉన్నా తెలుగును విడువలేదు. తెలుగు సీమకు దూరంగా ఉన్న మైసూరులోనే కవిత్వతత్త్వవిచారాన్ని రాశారు.

ఈనాడు దేశంలో విశ్వవిద్యాలయాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో పెద్ద భవనాలు, యంత్రాలు ఉన్నాయి. అయినా విద్యార్థి నోట ప్రశ్న పుట్టకపోతే, అతని చేతి నుండి ఒక కొత్త రచనో, కొత్త ప్రయోగమో రాకపోతే అవి పట్టాలు అచ్చువేసే కార్యాలయాలే అవుతాయి. సృజనశక్తిని పాఠంగా చెప్పలేము. దానికి చోటు ఇవ్వగలము. ఒక చిన్న సంఘం, ఒక పోటీ, చదివి తీర్పు చెప్పే ఒక పెద్దమనిషి ఉంటే చాలు. 1899లో జార్జిటౌనులోని ఒక కళాశాలలో అవి ఉన్నాయి కాబట్టే బుక్కరాయసముద్రం ముసలమ్మ తెలుగు కావ్యంలో శాశ్వతంగా నిలిచింది. తనకు దొరికిన ఆ చోటును వేలాది విద్యార్థులకు పంచాలని జీవితమంతా శ్రమించిన మహనీయుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు.